అట్ట మీది సంవత్సరం

డోర్కాసమ్మ గొంతు పెంచకుండా గెలిచిన తగాదా ఒకటి నేను కళ్ళారా చూశాను. అది తొంభై మూడో సంవత్సరం, ఎండాకాలం. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కు వచ్చే ఒక అడ్డసందులో, పాత బంగళా మేడ మీద ఉండేది మా గ్రంథాలయం. రెండు గదులు, పదహారు బీరువాలు, నాలుగు ఫ్యాన్లు. వాటిలో తిరిగేవి రెండే. ఊడ్చేది, తుడిచేది, చదివినవాళ్ళు బల్లల మీద వదిలేసిపోయిన పుస్తకాలను తిరిగి వాటి చోట పెట్టేది నేను. రెఫరెన్స్ బల్ల దగ్గర కూర్చునేది డోర్కాసమ్మ. ఇంటికి ఇవ్వని పుస్తకాలు, అంటే నిఘంటువులు, రైళ్ళ టైంటేబుళ్ళు, చట్టాలు, వైద్యం పుస్తకాలు ఆమె వెనక బీరువాల్లో ఉండేవి. ఎవరికి ఏం తెలుసుకోవాలని ఉన్నా ఆ బల్ల ముందుకొచ్చి ఆమెను అడగాలి.

ఆ రోజు అడగడానికి వచ్చినవాడు బాలమల్లు. ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. పొద్దున్నుంచి మిరప బస్తాలు మోసి, అదే చొక్కాతో మెట్లెక్కి వచ్చాడు. భార్యను దవాఖానలో చూపిస్తే డాక్టరు చీటీ మీద ఏదో రోగం పేరు రాశాడట. అదేమిటో అడిగితే విసుక్కున్నాడట. బాలమల్లు చీటీ పట్టుకుని బల్ల ముందు నిలబడ్డాడో లేదో, కిటికీ పక్కన పేపరు చదువుతున్న ముసలాయన తుమ్మాడు. ఆ పక్కన ఇద్దరు తుమ్మారు. నాలుగో తుమ్ము అమరేశ్వరరావుగారిది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, పైగా గ్రంథాలయ కమిటీ సభ్యుడు. అంతటివాడు తుమ్మి ఊరుకుంటాడా, లేచి నిలబడ్డాడు.

"ఏమిటిది డోర్కాస్? ఇది లైబ్రరీయా, మిర్చి యార్డా? ఇంగ్లీషు ముక్క రానివాడికి రెఫరెన్స్ గదిలో ఏం పని? ముందు బయటికి పంపు."

బాలమల్లు అప్పటికే వెనక్కి తిరిగాడు. "పోత సారూ, పోత. తెల్వక వచ్చిన."

"నువ్వాగు అన్నా," అంది డోర్కాసమ్మ. సొరుగులోంచి నీలం అట్ట పుస్తకం తీసింది. పోయి అమరేశ్వరరావుగారి బల్ల మీద విప్పి పెట్టి, ఒక చోట వేలు ఆనించింది. "సార్, మన గ్రంథాలయం నిబంధనలు. ఏడోది జర చదువున్రి."

"నిబంధనలు నాకు తెలుసమ్మా."

"తెలిసినా చదువున్రి సార్. కొంచెం పెద్దగ."

ఆయన పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు. "గ్రంథాలయానికి వచ్చినవారి చదువు, వృత్తి, మతం అడగరాదు. వారు అడిగిన విషయం దొరుకు పుస్తకమును చూపుట సిబ్బంది విధి." చివరికి వచ్చేసరికి గొంతు సన్నబడింది.

"కింద సంతకాలున్నయి సార్. మూడోది ఎవరిదో కూడా చెప్పున్రి."

మూడోది ఆయనదే. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను చీపురుతో అక్కడే ఉన్నాను. నా నోరు ఊరుకోదు కదా. "చొక్కా సంగతి అడగొచ్చని ఎనిమిదోదాంట్ల రాసిన్రేమో చూడున్రి సారూ," అన్నాను. కిటికీ ముసలాయన నవ్వబోయి మళ్ళీ తుమ్మాడు.

డోర్కాసమ్మ మాత్రం నవ్వలేదు. వెళ్ళి వైద్యం పుస్తకం తీసి, బాలమల్లు చీటీలోని పేరు వెతికి, ఆ వరస కింద వేలు పెట్టి తెలుగులో చెప్పింది. తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో మూడు ప్రశ్నలు రాసి ఇచ్చింది. "అన్నా, ఇది బుక్కు చెప్పే మాట. నీ ఇంటామెకు ఏం చేయాల్నో డాక్టరే చెప్పాలె. రేపు పోయి గీ మూడు మాటలు అడుగు. జవాబు చెప్పేదాక కుర్చీల నుంచి లేవకు."

డోర్కాసమ్మది మెదక్. తండ్రి ఇజ్రాయేల్ అక్కడ మిషన్ బడిలో గంట కొట్టేవాడు. ఆ గంట కింద కూర్చుని చదువుకున్న పిల్ల సికింద్రాబాద్ వచ్చి, గ్రంథాలయం పని నేర్చుకుని, మా మేడ ఎక్కింది. సన్నటి మనిషి, పొడుగు చేతుల రవిక, చక్కెర లేని చాయి. ఆ చాయి ఎట్లా తాగేదో దేవుడికే తెలియాలి. వయసులో నాకంటే ఐదేళ్ళు చిన్న. నన్ను పూలమ్మక్కా అనేది. నేను డోర్కాసమ్మా అనేదాన్ని.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఏ ప్రశ్నకూ నోటితో జవాబు చెప్పేది కాదు. తెలిసినా చెప్పదు. పేజీ తీసి, వేలు పెట్టి, "చూడున్రి" అనేది. మెదక్ ఇక్కడికి ఎంత దూరమని ఎవరైనా అడిగితే, పుట్టి పెరిగిన ఊరు కదా, చెప్పొచ్చు కదా! ఊహూఁ. పటాల పుస్తకం దింపాల్సిందే. ఒకాయన పాపం ఆపుకోలేక బాత్రూం ఎక్కడమ్మా అంటే, గోడకు అంటించిన బంగళా ప్లాను చూపించింది. నేను నవ్వీ నవ్వీ బకెట్ తన్నేసుకున్నాను.

"నోటితోని చెప్తే నీ నోరు అరిగిపోతదా?" అని అడిగాను.

"అక్కా, నేను చెప్తే నన్ను నమ్మి పోతరు. పేజీ చూపిస్తే రేపు వాళ్ళే వచ్చి తీసి చూస్కుంటరు. నేను లేని రోజు కూడ చూస్కుంటరు," అంది.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని ఆమెతో అనలేదు, అది వేరే సంగతి.

నా చదువు నాలుగో తరగతి సగంలో ఆగింది. ఒత్తులున్న మాటల దగ్గర నా నాలుక తడబడుతుంది. అంకెల దగ్గర మాత్రం తడబడదు. డోర్కాసమ్మ నాకు పుస్తకాల వీపు మీద అంటించే అంకెల లెక్క నేర్పింది. 340 అంటే చట్టం, 610 అంటే వైద్యం, 630 అంటే వ్యవసాయం, 894.827 అంటే మన తెలుగు కథలూ పాటలూ. డిగ్రీలు చదివినవాళ్ళు బీరువాల మధ్య తప్పిపోయినట్టు తిరుగుతుంటే నేను బకెట్ కింద పెట్టి, సరిగ్గా అదే పుస్తకం లాగి చేతిలో పెట్టేదాన్ని. వాళ్ళు నన్ను కిందికీ మీదికీ చూసేవాళ్ళు. చూడనీ అనుకునేదాన్ని.

ఆదివారం ప్రార్థన అయిపోగానే డోర్కాసమ్మ తెల్లచీరలో నేరుగా అబిడ్స్ వచ్చేది. ఆ రోజు షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఆమె ఎండలో గొంతుక్కూర్చుని ఒక్కో పుస్తకం తిరగేసేది. మా గ్రంథాలయంలో పోయిన సంపుటాలు, కమిటీ కొననంటున్న పుస్తకాలు అక్కడ ఏరి తెచ్చేది. ఇల్లు దగ్గరే కాబట్టి సంచీ మొయ్యడానికి నేనూ పోయేదాన్ని. తొంభై ఆరులో ఒక ఆదివారం ఆమెకు ఒక లావుపాటి గైడ్ దొరికింది. ఏ శిక్షణకు ఏం చదవాలి, ఎంత వయసు ఉండాలి, ఎక్కడికి అర్జీ పంపాలి, అన్నీ అందులో ఉంటాయి. అట్ట మీద ఆ సంవత్సరం అంకే ఉంది. కొత్త పుస్తకం ఫుట్‌పాత్ మీద దొరికేసరికి ఆమె మొహం వెలిగిపోయింది. సోమవారం పొద్దున్నే ముద్ర కొట్టి, నంబరు వేసి, బల్ల మీద పెట్టింది. ఆమె జన్మలో చేసిన పెద్ద తప్పు అదే. అది ఆ రోజు ఎవరికీ తెలియదు.

అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం జానకి వచ్చింది. అబిడ్స్‌లో ఒక చీరల కొట్లో పని. పొద్దున్నుంచి నిలబడే ఉంటారు కదా, పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. అన్నం తినే టైం మిగుల్చుకుని మెట్లెక్కింది.

"మేడం, నర్సు ట్రైనింగుకు ఎన్నేండ్ల దాక తీస్కుంటరు?" అని అడిగింది. ఏదో మిషన్ దవాఖాన వాళ్ళు ఇచ్చే శిక్షణ పేరు చెప్పింది. పది పాసయ్యానని, తల్లి జబ్బులో మూడేళ్ళు తానే చేసుకున్నానని, ఆ పని తనకు చేతనవుతుందని గబగబా చెప్పింది.

డోర్కాసమ్మ కొత్త గైడ్ తీసింది. పేజీ తిప్పింది. వేలు పెట్టింది. ఇరవై ఐదు.

"నాకు ఇరవై ఏడు," అంది జానకి. ఆ అంకె వంక ఇంకోసారి చూసింది. "ఇగ అయిపోయినట్టే గదా మేడం."

"బుక్కుల గట్లనే ఉందమ్మా."

నేను అక్కడే బల్ల తుడుస్తున్నాను. ఊరుకోవాల్సింది. "ఇన్నేండ్లు ఏం చేసినవు బిడ్డా? ఆలిశంగ లేస్తే గిట్లనే ఉంటది," అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసింది. మెట్లు దిగిపోయింది.

డిసెంబర్‌లో రెఫరెన్స్ పుస్తకాలన్నిటికీ నంబరు చీటీలు కొత్తగా అంటిస్తున్నాను. మైదా జిగురు పూసి గైడ్ వీపు మీద నొక్కితే, తడికి అట్ట మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చింది. లోపల ఇంకో అట్ట ఉంది. పుస్తకం పేరున్న కాగితం తిప్పి వెనక చూశాను. అక్షరాల జోలికి పోలేదు, అంకె చాలు.

"డోర్కాసమ్మా, పై అట్ట మీద 96 ఉన్నది. లోపట 89 ఉన్నదేంది?"

ఆమె లేచి వచ్చింది. చూసింది. పాత పుస్తకానికి ఎవరో కొత్త పుస్తకం అట్ట అంటించి ఫుట్‌పాత్ మీద పెట్టారు. ఏ పుస్తకం కొన్నా పేరు కాగితం వెనక సంవత్సరం చూడందే సంచీలో వెయ్యని మనిషి, ఆ ఒక్క ఆదివారం సంతోషంలో చూడలేదు. గొడుగు తీసుకుని అబిడ్స్‌లోని కొత్త పుస్తకాల షాపుకు పోయింది. నిజమైన తొంభై ఆరు గైడ్ అక్కడే నిలబడి చదివి, కాగితం మీద రాసుకుని వచ్చింది. ఆ శిక్షణకు వయసు ముప్పై దాకా పెంచారు. అర్జీ పంపే గడువు పదకొండు రోజుల కింద అయిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరం అబిడ్స్‌లో చీరల కొట్లన్నీ తిరిగాం. ఆరో కొట్లో జానకి పేరు తెలిసింది. మనిషి లేదు. "నెల కింద మానేసింది. మల్లేశ్వరరావు బిడ్డ. నల్లగొండ దిక్కు. ఊరు పేరు తెల్వదు," అన్నాడు గల్లాపెట్టె దగ్గరి ఆసామి.

మర్నాడు డోర్కాసమ్మ ఒక కొత్త రిజిస్టర్ తీసింది. మొదటి గడిలో ప్రశ్న, రెండో గడిలో అడిగినవాళ్ళ పేరు, మూడో గడిలో అడ్రసు, నాలుగో గడిలో జవాబు ఏ పుస్తకంలో, ఏ సంవత్సరం ముద్రణలో దొరికిందో. మొదటి వరసలో జానకి పేరు రాసింది. అడ్రసు గడి ఖాళీ. ఇక అప్పట్నుంచి అడ్రసు ఇవ్వనిదే ఎవరికీ జవాబు లేదు. "కరెంటు బిల్లు వాళ్ళు కూడ ఇంత సతాయించరు," అని జనం గొణుక్కునేవాళ్ళు. గొణుక్కున్నా రాసేవాళ్ళు. దొరకని ప్రశ్నలు కూడా ఆ రిజిస్టర్‌లోనే ఉండేవి. ఆర్నెల్లకో, రెండేళ్ళకో జవాబు తగిలితే పోస్టుకార్డు రాసేది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో కార్డులమ్మే ఆమెకు మా డోర్కాసమ్మ కనబడితే చాలు, అడక్కుండానే కార్డులు తీసి పెట్టేది.

జానకిని వెతకడం మాత్రం ఆగలేదు. పిన్‌కోడ్ల పుస్తకం ముందు పెట్టుకుని, నల్లగొండ జిల్లాలో మండలానికి ఒక కార్డు చొప్పున రాసింది. "మల్లేశ్వరరావుగారు, జానకి తండ్రి" అని అంతే. కొన్ని కార్డులు ముద్రలు పడి తిరిగి వచ్చాయి. కొన్ని ఎటుపోయాయో తెలియదు.

"ఇంక రెండేండ్లు టైముంది అక్కా. ముప్పై దాటకముందే దొరకాలె," అనేది తొంభై ఏడులో. మరుసటి ఏడాది ఇంకొక్క ఏడాదే అంది. తొంభై తొమ్మిది డిసెంబర్‌లో ఆ లెక్క కూడా అయిపోయింది. ఒక రోజు ఆమె చాయి అలాగే చల్లారిపోయింది. నేనే పారబోశాను.

"ఇగ దొరికినా ఏం లాభం? ఆ వయసూ అయిపాయె," అన్నాను.

"లాభం కాదక్కా. తనదే ఆలిశం అనుకుంటున్నది ఆమె. తప్పు నాది. ఆ సంగతి ఆమెకు తెల్వాలె గదా."

ప్రతి జనవరిలో రిజిస్టర్ మారేది. మొదటి వరస మారేది కాదు. జానకి పేరు, పక్కన ఖాళీ గడి.

రెండువేల ఒకటిలో కమిటీవాళ్ళు కంప్యూటర్ తెచ్చారు. దానికి పూలగుడ్డ కప్పి, కొబ్బరికాయ కొట్టారు. అమరేశ్వరరావుగారు చేతులు వెనక కట్టుకుని గది మధ్య నిలబడి ప్రకటించాడు. "ఇక ఈ రెఫరెన్స్ బల్ల అనవసరం. ప్రపంచంలో ఉన్నదంతా ఈ డబ్బాలోనే ఉంది. బల్ల తీసేస్తే ఇంకో నాలుగు కుర్చీలు పడతాయి."

అబిడ్స్‌లో ఇంటర్నెట్ సెంటరు నడిపే కరుణాకర్ నేర్పడానికి వస్తే, అందరికంటే ముందు పోయి కూర్చున్నది డోర్కాసమ్మే. అప్పటికి యాభై మూడేళ్ళు. అది ఫోను లైనుతో కలిసేటప్పుడు పిండిమర పట్టా జారినట్టు గీ పెట్టేది. నేను చెవులు మూసుకునేదాన్ని. ఆమె కళ్ళద్దాలు సవరించుకునేది.

మొదటి రోజే కరుణాకర్‌కు చెమట పట్టించింది. అతను ఏదో పేజీ తెచ్చి చూపించి, "చూశారా మేడం, ఒక్క నిమిషంలో వచ్చేసింది," అన్నాడు.

"మంచిగుంది. ఇది ఎవరు రాసిన్రు?"

"ఎవరంటే... నెట్‌లో ఉంది మేడం."

"నెట్‌ల ఉందంటే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఉందన్నట్టే నాయనా. బుక్కు పేరు చెప్పు. ఎవరు రాసిన్రు? ఎప్పుడు రాసిన్రు?"

అతను తల గోక్కున్నాడు. పేజీ అడుగుదాకా జరిపి వెతికాడు. పేరూ లేదు, తారీకూ లేదు.

"మరి గిది నేను ఎవరికి చూపించాలె?" అంది. ఆ రోజు ఆమె చూపు గైడ్ ఉన్న బీరువా వైపు పోవడం నేను గమనించాను. ఊడిన అట్ట, పాత పుస్తకం, రెండూ కలిపి దారం కట్టి దాచుకుంది.

కంప్యూటర్‌ను ఆమె తిట్టలేదు, దండం పెట్టలేదు. ఆదివారం పుస్తకాన్ని ఎట్లా తిరగేసేదో దాన్నీ అట్లాగే తిరగేసింది. రాసినవాళ్ళ పేరు ఉందా, తారీకు ఉందా, ఇదే మాట ఇంకెక్కడైనా ఉందా, బీరువాలోని పుస్తకంతో సరిపోతుందా చూసేది. సరిపోతే ఆ పేజీ చిరునామా, తాను చూసిన తారీకు రిజిస్టర్‌లో రాసేది. అడిగినవాళ్ళను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద కూడా వేలు ఆనించి చూపించేది. ఆ తెర మీద పడిన వేలిముద్రలు తుడవలేక నా చేతులు పడిపోయేవి.

ఏళ్ళ తరబడి జవాబు లేకుండా ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటే తెగడం మొదలైంది. తొంభై ఎనిమిదిలో నాంపల్లి దర్జీ ఒకాయన, చలికాలంలో తమ కప్పు మీదికి వచ్చే పిట్ట పేరేమిటని అడిగాడు. నాలుగేళ్ళ తర్వాత బొమ్మతో సహా దొరికింది. కార్డు రాస్తే ఆయన తిరుగు కార్డు రాశాడు. "అమ్మా, అడిగింది నేనే. ఎందుకు అడిగానో గుర్తు లేదు. అయినా చాలా సంతోషం." డోర్కాసమ్మ ఆ కార్డును సొరుగులో దాచుకుంది. ఆమె పగలబడి నవ్వగా నేను చూసింది అప్పుడే.

కంప్యూటర్ వచ్చి ఆర్నెల్లు గడిచాక అమరేశ్వరరావుగారే ఆమె బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. తన మోకాలి మందు గురించి డబ్బాలో వెతుక్కుంటే ఒక చోట వేసుకోవాలని, ఇంకో చోట వేసుకోకూడదని ఉందట. "ఏది నమ్మాలో తెలియడం లేదు డోర్కాస్."

"కూర్చోన్రి సార్," అంది. రెండు పేజీలూ ఎవరు రాశారో చూపించింది. ఒకటి ఆ మందు అమ్మేవాళ్ళదే. పేపరు మీద మూడు ప్రశ్నలు రాసి ఇచ్చింది. "డాక్టర్‌ను అడుగున్రి సార్. జవాబు చెప్పేదాక కుర్చీల నుంచి లేవకున్రి."

బల్ల తీసేసే మాట మళ్ళీ రాలేదు.

రెండువేల ఆరులో కరుణాకర్ ఒక మాట చెప్పాడు. ఓటర్ల జాబితాలు కంప్యూటర్‌లో పెట్టారట, ఊరూరివీ చూడొచ్చట. డోర్కాసమ్మ వెంటనే పేరు కొట్టి చూసింది. ఏమీ రాలేదు. ఆ జాబితాలు ఫోటో తీసినట్టు ఉంటాయని, అక్షరాలు యంత్రానికి అర్థం కావని, మనిషే కళ్ళతో చదవాలని అతను చెప్పాడు.

"చదువుదాం," అంది.

జూన్‌లో మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం జనం పల్చబడ్డాక గంటసేపు. నల్లగొండ జిల్లా, ఒక్కో మండలం, మండలంలో ఒక్కో ఊరు, ఊళ్ళో ఒక్కో బూత్. జానకి పేరు కాదు, తండ్రి పేరు వెతికింది. పెళ్ళయితే ఆడపిల్ల పేరు పక్కన భర్త పేరు వచ్చి చేరుతుంది, ఊరూ మారుతుంది, తండ్రి ఇల్లు మాత్రం అక్కడే ఉంటుందని ఆమె లెక్క. నేను పక్కన కూర్చుని, చూసేసిన బూత్ నంబర్లు కాగితం మీద కొట్టేసేదాన్ని. అంకెల పని కదా.

"కండ్లు పోతయి డోర్కాసమ్మా. పదేండ్లాయె. ఆ పిల్ల మనల్ని మర్చిపోయి ఉంటది."

"మనల్ని మర్చిపోనీ అక్కా. ఇరవై ఐదు అనే అంకె మర్చిపోదు."

నవంబర్ నాటికి పదిహేడు మంది మల్లేశ్వరరావులు తేలారు. పదిహేడు కార్డులు రాసింది. మూడు జవాబులు వచ్చాయి. ఇద్దరు తమకు జానకి అనే బిడ్డ లేదన్నారు. మూడో కార్డు వంకర అక్షరాలతో ఉంది. "జానకి నా బిడ్డే. అబిడ్స్‌ల చీరల కొట్ల పని చేసింది నిజమే. ఇప్పుడు మిర్యాలగూడల ఉంటది. బట్టలు కుడతది. ఎందుకు అడుగుతున్నరు?" కింద అడ్రసు.

డోర్కాసమ్మ ఆ కార్డు రెండుసార్లు చదివింది. రిజిస్టర్ తెరిచి, మొదటి వరసలో ఖాళీ గడి నింపింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా పడ్డాయి.

అది డిసెంబర్ రెండో వారం. నెలాఖరుకు ఆమె రిటైర్మెంట్. ఊడ్చేవాళ్ళకు ఆ వయసు లెక్క లేదు. మర్నాడు నేను వచ్చేసరికి బల్ల మీద గుడ్డ సంచీ ఒకటి ఉంది. పక్కన దారం కట్టిన పాత గైడ్, దాని ఊడిన అట్ట, ఇంకా నిజమైన తొంభై ఆరు గైడ్. అది ఆమె ఎన్నడో కొని పెట్టుకుంది. రెండింటిలోనూ కాగితం గుర్తులు పెట్టి ఉన్నాయి.

"పూలమ్మక్కా, నువ్వు మిర్యాలగూడ పోవాలె. ఇమ్లీబన్‌ల బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతవు."

"నేనెందుకు? పేజీ చూపించింది నువ్వు. మోకాళ్ళు నొస్తున్నయా?"

"నొస్తున్నయి. అందుకు కాదు. నేను పోతే, ముసలామె ఇంత దూరం వచ్చింది పాపం అని, 'పర్వాలేదు మేడం' అంటది. చాయి పెట్టి పంపిస్తది. ఆ మాట కోసం నేను పదేండ్లు వెతకలే."

"నన్ను చూస్తే అనదా?"

"అనదు. ఆ రోజు నువ్వు ఆమెను ఏమన్నవో నాకు యాదుంది అక్కా."

పదేళ్ళలో ఆ సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను సంచీ నోరు విప్పి పట్టుకున్నాను.

ఆమె పుస్తకాలు ఒక్కొక్కటే సంచీలో పెడుతూ చెప్పింది. "మొదలు ఆ అట్ట చూపించు. తర్వాత లోపలి సంవత్సరం చూపించు, ఆమెతోనే చదివించు. తర్వాత అసలు గైడ్ తీసి, ముప్పై ఉన్న కాడ వేలు పెట్టు. నోటితోని ఏం చెప్పకు. తిడితే విను. ఎదురు మాట అనొద్దు అక్కా, ఒక్కటి కూడ అనొద్దు. ఏం తిట్టిందో మొత్తం యాదుంచుకొని వచ్చి నాకు చెప్పు. తగ్గించకు."

చివరికి రిజిస్టర్ కూడా సంచీలో పెట్టింది. నా చేతికి పెన్ను ఇచ్చింది.

"తిట్టుడు అయినంక, ఇప్పుడు ఆమెకు ఏం తెలుసుకోవాల్నని ఉందో అడుగు. పిల్లల చదువా, కుట్టుమిషన్ సంగతా, ఏదైనా సరే. నాకు ఇంక ఇరవై రోజులు టైముంది, నేనే వెతుకుత. నీ చేత్తోనే రాసుకొని రా. మళ్ళ అడ్రసు మర్చిపోకు."